డిజైనర్‌కి, వడ్రంగి మేస్త్రీకి డబ్బులిస్తే టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కట్ చేయాలా? ఏడు నెలలుగా చేయలేదు

మియాపూర్ వాసి:
అందరికీ నమస్తే. నేనూ మా బావమరిదీ కలిసి ఇంటీరియర్స్ పని చేస్తున్నాం, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, 2025 ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాం. జీతానికి ఎవరూ లేరు. త్రీడీ డిజైన్లు వేసే అమ్మాయి ఇంట్లోంచే పని చేసి నెలకి 18,000 బిల్లు పంపిస్తుంది, నెలాఖరున ఫోన్‌పే కొట్టేస్తాం. చెక్కపని మేస్త్రీది లేబర్ కాంట్రాక్టు, మొన్న నల్లగండ్లలో ఒక ఫ్లాటుకి 85,000 మాట్లాడుకున్నాం, ఇంకా 20,000 బాకీ ఉంది. నిన్న ప్లైవుడ్ షాపులో ఒకాయన "టాన్ తీసుకున్నారా, 26క్యూ వేస్తున్నారా" అని అడిగారు. పాన్ తెలుసు, జీఎస్టీ తెలుసు, ఈ టాన్ ఏంటో నాకు తెలీదు. టర్నోవర్ కోటి దాటకపోతే ఇవేమీ అక్కర్లేదని మా ఫ్రెండ్ అంటున్నాడు. 2025 నవంబర్ వచ్చేసింది, రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పెనాల్టీ ఎంత పడుతుంది?

పన్నుల పని:
టాన్ అంటే టీడీఎస్ పట్టుకునేవాళ్లు తీసుకోవాల్సిన నంబర్, 26క్యూ అంటే మూడు నెలలకోసారి వేసే టీడీఎస్ రిటర్న్. ఆ కోటి లెక్క సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లకండీ. ఫర్మ్‌కీ కంపెనీకీ ఆ మినహాయింపు లేదు, మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

డిజైనర్‌ది 1961 ఆదాయపు పన్ను చట్టంలో 194జె సెక్షన్, ఇంటీరియర్ డెకరేషన్‌ని చట్టం వృత్తిగానే చూస్తుంది, 10 శాతం. ఏడాదికి 50,000 దాటితేనే కట్ చేయాలి, పాత పరిమితి 30,000, 2025 ఏప్రిల్ నుంచే పెరిగింది. మీకు జూన్ బిల్లుతో 54,000 అయింది, అంటే ఆ నెలలోనే మొత్తం 54,000 మీద 5,400 పట్టుకుని ఉండాలి, పైన ఉన్న 4,000 మీద మాత్రమే అనుకోకండి. అక్టోబర్ దాకా 1,26,000 ఇచ్చారు కాబట్టి 12,600 కట్టాలి. మేస్త్రీది కాంట్రాక్టు పనుల సెక్షన్ 194సి, మనిషి పేరు మీద కాబట్టి 1 శాతమే. ఒకే పనికి 30,000 దాటినా, ఏడాదిలో అన్నీ కలిపి లక్ష దాటినా పట్టుకోవాలి. 85,000కి 850, ఆ బాకీలోంచి తగ్గించుకోండి.

వడ్డీ నెలకి 1 శాతం, డిజైనర్ లెక్కకి అటూ ఇటూగా ఆరువందల రూపాయలు. దానికి భయపడాల్సింది లేదు. అసలు దెబ్బ వేరే ఉంది: టీడీఎస్ కట్టని ఖర్చులో 30 శాతాన్ని, అంటే మీ 1,26,000లో 37,800ని ఖర్చుగా ఒప్పుకోరు, దాని మీద ఫర్మ్ పన్ను పడుతుంది. ఫర్మ్ ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ గడువులోపు కట్టేస్తే అది తప్పుతుంది. 26క్యూ ఆలస్యానికి రోజుకి 200, అయితే టీడీఎస్ మొత్తాన్ని మించదు. అసలు వేయకుండా సాగదీస్తే మాత్రం 10,000 నుంచి లక్ష దాకా వేరే పెనాల్టీ ఉంది. కాబట్టి ఇవాళే 49బి ఫారంతో టాన్‌కి అప్లై చేయండి, పాత నెలలవి ఏ క్వార్టర్‌లో చూపించాలో ఒక సీఏ దగ్గర కూర్చుని తేల్చుకోండి. ఇకపై కట్ చేసింది వచ్చే నెల 7లోపు, మార్చిది మాత్రం ఏప్రిల్ 30లోపు కట్టాలి.

ఫ్రీలాన్స్ ఎడిటర్:
అన్నా, అవతలివైపు నుంచి ఒక మాట. నేను అమీర్‌పేటలో ఉంటా, వీడియో ఎడిటింగ్ చేస్తా. రెండేళ్ల కింద ఒక ఆఫీసు వాళ్లు నా బిల్లుల్లో నెలనెలా 10 శాతం పట్టుకున్నారు, మొత్తం 31,000. రిటర్న్ వేద్దామని 26ఏఎస్ (నా పేరు మీద ఎవరెంత పన్ను కట్టారో చూపించే స్టేట్‌మెంట్) తెరిస్తే వాళ్ల పేరే లేదు. పట్టుకున్నారు గానీ 26క్యూ వేయలేదు. ఫోన్ చేస్తే వచ్చే వారం అన్నారు, అలా ఎనిమిది నెలలు. ఆ డబ్బు రీఫండ్‌గా వస్తే మా అమ్మ కంటి ఆపరేషన్‌కి వాడదామనుకున్నా, చివరికి అప్పు చేశా. మీరు ఆ అమ్మాయి దగ్గర పట్టుకుంటే తప్పకుండా కట్టండి, రిటర్న్ వేయండి, ట్రేసెస్ అనే టీడీఎస్ వెబ్‌సైట్ నుంచి 16ఎ సర్టిఫికెట్ తీసి అడగకముందే పంపించండి. అది ఆమె డబ్బు. ఇంకోటి, ఏడు నెలలది ఒకేసారి ఆమె నవంబర్ బిల్లులో కోసేయకండి, 18,000లో 12,600 పోతే ఇల్లు ఎలా గడుస్తుంది? ముందు మాట్లాడండి.

పన్నుల పని:
ఎడిటర్ గారు చెప్పింది నిజం. ఫర్మ్ జేబులోంచి కట్టేసి, ఆమె దగ్గర నెలకి కొంచెం తీసుకోండి. మేస్త్రీ పాన్ ఆధార్‌తో లింక్ అయిందో లేదో కూడా చూడండి, లేకపోతే 1 కాదు, 20 శాతం పట్టుకోవాల్సి వస్తుంది.

మియాపూర్ వాసి:
చాలా థాంక్స్ అండీ. టాన్‌కి అప్లై చేశాను. డిజైనర్‌కి ఫోన్ చేసి విషయం మొత్తం చెప్పాను, నెలకి 2,000 చొప్పున సర్దుకుందాం అంది. మేస్త్రీ పాన్ అడిగితే బీరువాలో ఉంది, ఎప్పుడో బ్యాంకు కోసం తీశా అన్నాడు. లింక్ అవ్వలేదు. రేపు పొద్దున్నే ఆయన్ని బండి మీద ఎక్కించుకుని మీసేవకి వెళ్తున్నాను.