"నాటబడినదై", "తన కాలమందు": మొదటి కీర్తనలోని చెట్టు గురించి

ప్రశ్న:
కీర్తనల గ్రంథం మొదటి అధ్యాయం, మూడో వచనం: "అతడు నీటికాలువల యోరను నాటబడినదై ఆకు వాడక తన కాలమందు ఫలమిచ్చు చెట్టువలెనుండును, అతడు చేయునదంతయు సఫలమగును." పిల్లలకు నేర్పడానికి దీన్ని వాడుక భాషలో రాస్తున్నాను. "అతడు" అని మొదలుపెట్టి "నాటబడినదై" అనవచ్చా? "నాటబడినవాడై" అని ఉండాలేమో. పైగా "బడు" ప్రయోగం తెలుగుకు సహజం కాదంటారు. అందుకే "కాలువ గట్టున పెరిగిన చెట్టులా ఎప్పుడూ పచ్చగా ఉండి పండ్లనిస్తాడు" అని మార్చాను. సరిపోతుందా అండీ?

జవాబు:
వ్యాకరణంలో దోషం లేదండీ. "అతడు" అన్న కర్త తిన్నగా వెళ్లి "ఉండును" దగ్గర కలుస్తుంది. మధ్యలో ఉన్నదంతా చెట్టు వర్ణన, చెట్టు అమహత్తు ("అది" అని చెప్పేది), కాబట్టి "నాటబడినదై" అన్నారు. మనుషులనే నేరుగా చెప్పిన 92వ కీర్తనలో "యెహోవా మందిరములో నాటబడినవారై" అని ఉంది, చూడండి.

నా అభ్యంతరమంతా మీ "పెరిగిన" మీదే. "బడు" నచ్చకపోతే "నాటిన చెట్టు" అనండి, అర్థం చెడదు. కానీ నాటడాన్నే తీసేస్తే వచనం వెన్ను విరిగినట్లే. విత్తనాన్ని విత్తుతాం, మొక్కను నాటుతాం. హీబ్రూ మూలంలోని "శాతూల్" అన్న మాటను కూడా ఒకచోటి నుంచి తెచ్చి మరొకచోట నాటినది అని చాలామంది వ్యాఖ్యాతలు వివరిస్తారు. "కాలువ" కూడా ఎంతో సరైన ఎంపిక. అక్కడి హీబ్రూ మాట "పెలెగ్"కు మూలం విభజించడమనే అర్థమున్న ధాతువు. ఏరు తనంతట తాను పారుతుంది. కాలువను ఎవరో ఒకరు తవ్వాలి. చోటును చెట్టు ఎంచుకోలేదు, నీటినీ అది తెచ్చుకోలేదు. కృప అన్న మాట ఈ కీర్తనలో లేకపోయినా, పిల్లలకు కృప గురించి చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

అలాగని చెట్టుకు పనేమీ లేదని అనుకోకూడదు. యిర్మీయా 17వ అధ్యాయంలో ఇదే పోలిక మళ్లీ వస్తుంది: "అది కాలువల ఓరను దాని వేళ్లు తన్నును." వేళ్లు తన్నడం! మట్టిని తోసుకుంటూ, కంటికి కనబడకుండా, నీటి వైపు సాగడం. ఎంత చక్కని తెలుగు అది! మొదటి కీర్తన రెండో వచనం ధన్యుడు ధర్మశాస్త్రాన్ని దివారాత్రం ధ్యానిస్తాడని చెబుతుంది, ఆ ధ్యానం అంటే ఇదేనని నేను నమ్ముతాను. చెట్టు చేసే శ్రమంతా నేల కిందే ఉంది.

ఇక మీ వాక్యంలో "తన కాలమందు" కనిపించడం లేదు, "ఎప్పుడూ" మాత్రం ఉంది. వచనం ఆకును, పండును వేరు చేసి చెబుతోంది. ఆకు వాడకపోవడం నిత్యం, కాపు మాత్రం దాని కాలంలో. లేవీయకాండం 19వ అధ్యాయం ప్రకారం నాటిన చెట్టు పండ్లను మూడేళ్లు తినకూడదు, నాలుగో ఏట అవి దేవునికి ప్రతిష్ఠితం, అయిదో ఏట తినవచ్చు. ఆ ధర్మశాస్త్రాన్ని ధ్యానించిన వారికి "తన కాలమందు" అంటే ఎదురుచూపు ఎంతటిదో తెలుసు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన వారిని పట్టుకుని "ఫలమేదీ?" అని నిలదీసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆకు పచ్చగా ఉందా అని చూడాలి ముందు.

మరొకరు:
ఇదంతా బాగుంది. మరి మార్కు సువార్త 11వ అధ్యాయం సంగతి? అంజూరపు చెట్టును ప్రభువు శపించినప్పుడు "అది అంజూరపు పండ్లకాలము కాదు" అని సువార్తికుడే చెబుతున్నాడు. కాలం రాకుండా ఫలం అడిగినట్లే కదా?

జవాబు:
అడగవలసిన ప్రశ్నే. అది పస్కా పండుగ సమయం, అంటే వసంతం. ఆ దేశంలో అంజూరపు చెట్టు ఆకులతో పాటే పాత కొమ్మల మీద చిన్న కాయలు వేస్తుంది. అసలు పంట వేసవిలో వస్తుంది. నిండా ఆకులుండి ఒక్క చిరుకాయ కూడా లేదంటే, ఆ చెట్టు చూపిస్తున్నది ఒకటి, దానిలో ఉన్నది మరొకటి. మార్కు ఈ సంఘటనను రెండు ముక్కలు చేసి, నడుమ దేవాలయ శుద్ధీకరణను, అంటే యేసు దేవాలయంలోంచి వ్యాపారులను వెళ్లగొట్టిన ఘటనను ఉంచాడు. తప్పు ఆలస్యానిది అయితే లూకా 13లోని ఉపమానం మరోలా ఉండేది. అక్కడ మూడేళ్లుగా కాయని చెట్టు కోసం తోటమాలి బతిమాలుతాడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, ఈ సంవత్సరం కూడా ఉండనిమ్మని.

మరొకరు:
"సఫలమగును" గురించి ఎవరూ మాట్లాడలేదు. సఫలం అంటే ఫలంతో కూడినది. హీబ్రూలో ఆ చోట వర్ధిల్లడం అనే అర్థమున్న క్రియ ఉంది, అందులో పండు ఊసు లేదు. తెలుగులో మాత్రం చెట్టు పోలిక చివరి మాట దాకా వచ్చింది. "చేసిన ప్రతి పనిలో విజయం" అని రాస్తే అది పోతుంది. పైగా పిల్లలు దాన్ని పరీక్షలకు, పోటీలకు అన్వయించుకుంటారు. యిర్మీయా చెప్పిన చెట్టుకు వెట్ట తగిలింది, వర్షం లేని సంవత్సరమూ వచ్చింది. అయినా "కాపు మానదు" అన్నాడు ప్రవక్త.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇలా మార్చాను: "అతడు కాలువ గట్టున నాటిన చెట్టులా ఉంటాడు. దాని ఆకు వాడదు. కాపు కాలం వచ్చినప్పుడు అది పండ్లనిస్తుంది. అతడు చేసేదంతా ఫలిస్తుంది."

జవాబు:
బాగా కుదిరింది. ఒక్క సవరణ: "కాపు కాలం" బదులు "తన కాలం" అనే ఉంచండి. ఏ చెట్టు కాలం దానిదే కదా.