‘బెల్లా చావ్’లోని చావ్: వెళ్ళొస్తానా, సెలవా?

పాటల పెట్టె: ఇటలీ బృందం మోడెనా సిటీ రాంబ్లర్స్ 1994 నాటి తొలి ఆల్బంలో ఐరిష్ జానపద బాణీ పరుగుతో పాడిన ‘బెల్లా చావ్’ను (ఆక్రమణదారును ఎదిరించినవారి ఇటాలియన్ పాట; ‘బెల్లా’ అంటే అందగత్తె, ‘చావ్’ వీడ్కోలు మాట) తెలుగు చేద్దామని కూర్చుని, పల్లవి దగ్గరే ఆగిపోయాను. ‘వెళ్ళొస్తానే పిల్లా’ అని రాసుకున్నాను గాని, ‘నేను చస్తే కొండమీద, పువ్వు నీడన పాతిపెట్టండి’ అని అడగబోయేవాడి నోట ‘వస్తా’ అన్న మాట అబద్ధమనిపిస్తోంది. పోనీ ‘సెలవు’ అందామంటే, మొదటి పాదంలోనే మనిషి పోయినట్టుంది.

నిఘంటువు: ‘మీ దాసుణ్ణి’ అనే వెనిస్ మాండలికపు మర్యాద వాక్యం అరిగి అరిగి ‘చావ్’ అన్న ఈ మాట మిగిలింది. ఎదురుపడినప్పుడూ అదే, విడిపోయేటప్పుడూ అదే. వైష్ణవుల ‘దాసోహం’ అచ్చంగా ఇదే గనుక, వేరే మాట వెతకనక్కరలేదు.

పాతపుస్తకం: నిఘంటువు గారూ, వ్యుత్పత్తి బాగానే ఉంది గాని, పత్రికల పుణ్యమా అని ఈనాడు దాసోహం అంటే లొంగిపోవడం, ఆక్రమణదారుకు లొంగని పాటకు ఆ మాట పెట్టడం కంటే పాటను వదిలేయడం మేలు. పైగా మీరంతా వీడ్కోలు ఎవరికో తేల్చకుండానే మాట వెతుకుతున్నారు. వరినాట్ల చేలలో కలుపు తీసే స్త్రీల పాఠాన్ని, అంటే వాళ్ళ గొంతున ఈ పాటకున్న రూపాన్ని, జొవాన్నా దాఫీని పాడగా 1962లో రికార్డు చేశారు; అందులో ‘బెల్లా’ ప్రియురాలు కాదు, ఆ చేలలో కరిగిపోతున్న సొంత వయసు, సొంత అందం అని నా నమ్మకం.

నిఘంటువు: ఆ పాఠం ముందుదో, పార్టిజాన్ల (కొండల్లో పోరాడిన గెరిల్లాల) పాఠం ముందుదో పండితులే తేల్చుకోలేదు. పార్టిజాన్లు ఎక్కువగా పాడుకున్నది ‘ఫిస్కియా ఇల్ వెంతో’ కదా! రష్యన్ ‘కత్యూషా’ బాణీకి దాన్ని రాసిన ఫెలీచె కాషొనే డాక్టరై ఉండి కొండల్లోకి వెళ్ళి, 1944 జనవరిలో నేలకొరిగాడు. నన్నడిగితే కవి ఆయనే. మనం తలలు బద్దలుకొట్టుకుంటున్న ఈ పాటకు కర్త ఎవరో కూడా తెలియదు.

గణవిభజన: అర్థం సంగతి పెద్దలు చూసుకోండి, నాకు ఛందస్సు చాలు. అది ‘చావ్’ కాదు, ‘చావొ’: గురులఘువులు, హగణం. ‘సెలవు’ నగణం. రెండూ సూర్యగణాలే కాబట్టి ఒకదాని చోట ఒకటి నిక్షేపంగా నిలుస్తుంది. ‘వెళ్ళొస్తా’, ‘దాసోహం’ రెండూ మగణాలు. ఆరేసి మాత్రలతో ఆ పరుగులో కాళ్ళకు అడ్డంపడతాయి. మూడు మాత్రల్లో అసలు శబ్దానికి దగ్గరగా ఉన్న తెలుగు మాట ‘చావు’ ఒక్కటే, అదీ హగణమే.

పాతపుస్తకం: గణం సరిపోయిందని చావు పెడతారా?

పాటల పెట్టె: ఆ ఆల్బం మళ్ళీ విన్నాను. గణవిభజన గారూ, ‘చావ్ చావ్ చావ్’ అనే చోట మాటకొక్క స్వరమే పలుకుతోంది; మీ లఘువును పెట్టే జాగా లేదు. ‘సెలవు’ను అక్కడ ఒక్క గుక్కలో అని చూశాను, ‘సెల్వ్’ అవుతోంది.

గణవిభజన: వారు మరీ వేగంగా పాడారు. నెమ్మదిగా పాడినవారి దగ్గర వినండి, లఘువు వినిపిస్తుంది.