డెబిట్ కార్డు క్యాష్‌బ్యాక్: మనకు వచ్చే ఆ ఒక్క శాతం ఎవరి జేబులోది?

బడిపంతులు, శ్రీకాకుళం:
నా పొదుపు ఖాతాకు చాలా ఏళ్లుగా రూపే డెబిట్ కార్డు ఉంది. దానికి ఏటా 200 రూపాయల రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 236 రూపాయలు ఖాతాలోంచి తీసుకుంటున్నారు. పోయిన వారం పాస్‌బుక్ ముద్రించుకుందామని శాఖకు వెళితే, కౌంటరులోని ఉద్యోగి రూపే కాకుండా వేరే నెట్‌వర్కుకు (వీసా, మాస్టర్‌కార్డు వంటిది) చెందిన కార్డు ఒకటి చూపించి, దాంతో దుకాణాల్లో చెల్లిస్తే ఒక శాతం సొమ్ము వెనక్కి వస్తుందని, నెలకు వంద రూపాయలు దాటకుండా ఖాతాలోనే జమ అవుతుందని చెప్పారు. దాని రుసుము మాత్రం 500, జీఎస్టీతో 590. ఫారం ఇంటికి తెచ్చుకున్నాను. మా స్టాఫ్‌రూములో సగం మంది తీసుకోమంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. డెబిట్ కార్డు మీద క్యాష్‌బ్యాక్ నిజంగా లాభమేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గంటస్తంభం బట్టల కొట్టు, విజయనగరం:
మాస్టారికి నమస్కారం. పెద్ద నోట్ల రద్దు జరిగిన 2016 నవంబరు తర్వాత మా వీధిలో చాలామందిలాగే నేనూ స్వైపింగ్ మిషను పెట్టించాను కనుక, గల్లాపెట్టె వైపు నుంచి సంగతి చెబుతాను. 2018 జనవరి నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, ఏడాదికి 20 లక్షలకు మించి వ్యాపారం చేసే కొట్టు నుంచి డెబిట్ కార్డు చెల్లింపు మీద గరిష్ఠంగా 0.90 శాతం, అంతకు లోబడిన కొట్టు నుంచి గరిష్ఠంగా 0.40 శాతం వసూలు చేయవచ్చు. మాది 20 లక్షలు దాటిన కొట్టే; మా దగ్గర 4,000 రూపాయల చీర కొని ఎవరైనా మీకు చూపించినలాంటి, రూపే కాని డెబిట్ కార్డు గీకితే, 36 రూపాయలు, దాని మీద జీఎస్టీ 6 రూపాయల 48 పైసలు పోగా, మరునాడు మా ఖాతాలో పడేది 3,957 రూపాయల 52 పైసలు. జీఎస్టీ భాగాన్ని రిటర్నుల్లో సర్దుకుంటాం గాని ఆ 36 పోయినట్టే. అదే చీరకు రూపే డెబిట్ కార్డు గీకితే 4,000 నిండుగా పడుతుంది, ఎందుకంటే 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకూ యూపీఐకీ వర్తకుడి నుంచి ఈ రుసుము తీసుకోకూడదు. మా దగ్గర కోసే రుసుములో భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకే వెళుతుంది, మీకిచ్చే క్యాష్‌బ్యాక్‌కు ఆధారం అదే. మీ బ్యాంకు రూపే కార్డు మాన్పించి వేరే కార్డు ఎందుకు అంటగడుతోందో నాకైతే దీన్నిబట్టే అర్థమవుతోంది.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఆమదాలవలస:
"అంటగట్టడం" అన్న మాటకు నా అభ్యంతరం. రుసుము ఎంతో, క్యాష్‌బ్యాక్ ఎంతో ముందే చెప్పారు కదా. పైగా నగదుకు ఖర్చు లేదనుకోవడం పొరపాటు. లెక్కపెట్టడం, చిల్లర వెతకడం, దొంగనోటు వస్తే నష్టపోవడం, సాయంత్రం బ్యాంకులో కట్టడానికి ఒక మనిషిని పంపడం, ఇవన్నీ కొట్టు భరించే ఖర్చులే. అయితే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న విషయంలో కొట్టువారి మాట సరైనదే. అమెరికాలో 2011లో పెద్ద బ్యాంకులు డెబిట్ కార్డు చెల్లింపులపై పొందే రుసుముకు పరిమితి పెట్టాక, అక్కడ చాలా బ్యాంకులు డెబిట్ కార్డు బహుమతి పథకాలను ఎత్తివేశాయి. మన దగ్గర 2016 డిసెంబరులో పెట్రోలు బంకుల్లో కార్డుతో చెల్లిస్తే 0.75 శాతం తగ్గింపు ఇచ్చారు, వెయ్యి రూపాయలకు ఏడున్నర చొప్పున; అది కూడా ఊరికే రాలేదు, చమురు కంపెనీలు భరించాయి. మాస్టారూ, మా మాటలు పక్కనపెట్టి మీ మూడు నెలల స్టేట్‌మెంటు తీసి చూడండి.

జీడితోట, పలాస:
ఒక్క మాట చేర్చాలి. ఇలాంటి పథకాల్లో పెట్రోలు, బంగారం, వాలెట్‌లో డబ్బు వేసుకోవడం వంటివాటికి క్యాష్‌బ్యాక్ వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది; లెక్క వేసేముందు వాటిని తీసేయండి. ఇంకొకటి, డెబిట్ కార్డులో మోసం జరిగితే పోయేది మన ఖాతాలోని డబ్బే. మన తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేని మోసాన్ని మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే మన మీద భారం పడకూడదని 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది నిజమే, కానీ ఆ సొమ్ము తిరిగి జమయ్యేదాకా ఇల్లు గడవాలి కదా. జీతం మొత్తం ఉండే ఖాతా కార్డును క్యాష్‌బ్యాక్ కోసం కనపడిన ప్రతి వెబ్‌సైట్‌లో వాడటం నాకు నచ్చదు.

బడిపంతులు, శ్రీకాకుళం:
స్టేట్‌మెంటు చూశాను, నాకే ఆశ్చర్యం వేసింది. మూడు నెలల్లో యూపీఐ పద్దులు పేజీలకు పేజీలు ఉన్నాయి. రైతుబజారులో కూరలు, చేపలు, ఏడు రోడ్ల కూడలిలో టీ, అన్నీ అందులోనే. కార్డు గీకినది నాలుగే సార్లు: బట్టలు 4,350, మిక్సీ 3,200, నాన్నగారి మందులు 1,650, పెట్రోలు 1,000. పెట్రోలు తీసేస్తే 9,200. ఒక శాతం చొప్పున మూడు నెలలకు 92, ఏడాదికి 368 రూపాయలు. రుసుము 590. అంటే 222 రూపాయల నష్టం.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఆమదాలవలస:
మాస్టారూ, లెక్కలో చిన్న పొరపాటు ఉంది. పాత కార్డుకు కట్టే 236 ఎలాగూ కడుతున్నారు. కొత్త కార్డు తీసుకుని పాతది రద్దు చేస్తే అదనంగా పడే భారం 354 మాత్రమే. 368లోంచి అది తీసేస్తే మీకు ఏడాదికి 14 రూపాయలు మిగులుతుంది. లాభం చిన్నదే, నష్టమైతే కాదు.

గంటస్తంభం బట్టల కొట్టు, విజయనగరం:
పెద్దవారు లెక్క సరిగ్గా చెప్పారు, దాన్ని చివరిదాకా లాగుదాం. మాస్టారు ఏడాదికి 36,800 రూపాయల సరుకు కొంటారు. రూపే కార్డయితే ఆ కొట్లకు పైసా కోత ఉండదు. కొత్త కార్డయితే, అవన్నీ నా కొట్టులాంటివే అనుకుంటే, కోత 331 రూపాయల దాకా ఉంటుంది. అదనపు రుసుము 354లో బ్యాంకుకు 300, జీఎస్టీ కింద 54 పోతాయి. ఇంతమంది చేతులు మారి మాస్టారి చేతికి వచ్చేది 14. ఆ 331ని మేము ఎన్నాళ్లని భరిస్తాం? చీర ధర చీటీలోనే కలుపుతాం. అప్పుడు నగదు ఇచ్చే గంట్యాడ రైతు కూడా దాన్ని మోస్తాడు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఆమదాలవలస:
నెలకు పదివేలు కార్డు మీదే ఖర్చుపెట్టేవారికి ఏడాదికి 1,200 వస్తుంది, 846 మిగులుతుంది. వారికి కూడా వద్దని నేను చెప్పలేను. మాస్టారి సంగతికి మాత్రం ఈ లెక్కను కాదనను.

బడిపంతులు, శ్రీకాకుళం:
ఫారంలో సంతకం ఒక్కటే మిగిలింది, అది పెట్టడం లేదు. రేపు శాఖకు వెళ్లి దాన్ని తిరిగి ఇచ్చేసి, రూపేలోనే 236 కంటే తక్కువ రుసుము ఉన్న కార్డు ఏదైనా ఉందేమో అడుగుతాను. క్యాష్‌బ్యాక్ గురించి చెప్పిన ఆ ఉద్యోగి ఈ సంగతి మాత్రం చెప్పలేదు, నేనూ అడగలేదు.