అమ్మకి తామర తగ్గట్లేదు, షుగర్ కూడా ఉంది. ఎంత భయపడాలి?

అమ్మకి 62 ఏళ్లు. షుగర్ ఉంది, కీళ్లవాతానికి స్టెరాయిడ్ మాత్రలు కూడా వేసుకుంటుంది. మూడు నెలల క్రితం నడుము దగ్గర తామర మొదలైంది. ఎవరో చెప్పారని ఒక ట్యూబు రాశాం. వారంలో దురద పోయింది, ఆపగానే ఇంకా ఎక్కువగా పాకింది. చూస్తే అందులోనూ స్టెరాయిడే! దురదని అణిచేసి లోలోపల ఫంగస్‌ని పెంచుతుందట. ట్యూబు మీద చదవకపోవడం నా తప్పే.

ఇప్పుడు చర్మం డాక్టరు రాసిన మాత్రలు వాడుతున్నాం. నా భయం వేరే. షుగర్ అదుపులో లేనివాళ్లకి, స్టెరాయిడ్లు వాడేవాళ్లకి, కీమో నడుస్తున్నవాళ్లకి, అవయవ మార్పిడి అయినవాళ్లకి ఫంగస్ ప్రాణం మీదికి తెస్తుందంటారు. కోవిడ్ రోజుల్లో బ్లాక్ ఫంగస్ చూశాం కదా. ఒంటి మీది తామర కూడా అలా లోపలికి పోతుందా, లేక అది పూర్తిగా వేరే జాతా?

ఇంకోటి, కీళ్ల మాత్రలు మానేస్తానని అమ్మ పట్టుబడుతోంది. అవి ఉన్నట్టుండి ఆపకూడదని విన్నాను, ఎలా నచ్చజెప్పాలి? నాకూ మెడ మీద చిన్న మచ్చ వచ్చింది. తువ్వాళ్లు, దుప్పట్లు వేరు చేశాం. ఇంట్లో అందరం ఒకేసారి మందు వాడాలా? ఇలాంటిది దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.