పైకి విసిరిన బంతికి పైన వేగం సున్నా అయితే, త్వరణం ఎందుకు సున్నా కాదు?

కావలి కుర్రాడు (ఇంటర్ మొదటి సంవత్సరం)

నిట్టనిలువుగా పైకి విసిరిన బంతికి గరిష్ఠ ఎత్తు దగ్గర త్వరణం ఎంత అనే బిట్‌కి జవాబు "కిందికి 9.8" అని ఉంది. అక్కడ వేగం సున్నా కదా, ఆగిపోయినదానికి త్వరణం ఎట్లా ఉంటుంది? ఇంకోటి. త్వరణానికి మైనస్ వచ్చిందంటే బండి స్లో అవుతున్నట్టేనా?

పెన్నా గట్టు

"ఆగిపోయింది" అనుకోవడంలోనే ఉంది తిరకాసంతా. 19.6 మీ/సె తో విసిరావనుకో. పైదిక్కు ప్లస్, గాలి నిరోధం వదిలేద్దాం. వదిలిన క్షణాన వేగం 19.6. ఒక సెకనుకి 9.8, రెండో సెకనుకి 0, మూడో సెకనుకి మైనస్ 9.8, నాలుగో సెకనుకి మైనస్ 19.6తో మళ్ళీ చేతికొస్తుంది. సెకనుకి 9.8 లెక్కన తగ్గుతానే ఉంది, సున్నా దగ్గరేమీ సెలవు తీసుకోలేదు. త్వరణం అంటే ఆ తగ్గే లెక్కే. వేగం ఎంతుందని కాదు, ఎంత జోరుగా మారుతోందని.

పైన కాస్త దగ్గరగా చూడు. 1.9 సెకన్లప్పుడు పైకి 0.98 మీ/సె, 2.1 అప్పుడు కిందికి 0.98. అంటే 0.2 సెకన్లలో 1.96 మారింది, భాగిస్తే 9.8. 1.99కీ 2.01కీ మధ్య చేసినా అదే వస్తుంది. చివరి 0.1 సెకనులో బంతి ఎక్కేది 4.9 సెంటీమీటర్లే, అందుకే కంటికి నిలబడినట్టు అనిపిస్తుంది. నిజంగా అక్కడ త్వరణం సున్నా అయ్యుంటే సున్నా వేగం సున్నాగానే ఉండిపోవాలి. అప్పుడు బంతి 19.6 మీటర్ల ఎత్తున, ఆరంతస్తుల మేడంత పైన, వేలాడుతుండాలి.

హైవే పదహారు

మైనస్ సంగతి నేను చెప్తా. మైనస్ అంటే స్లో కాదు, దిక్కు. నెల్లూరు నుంచి ఒంగోలు వైపు ప్లస్ అనుకుందాం. ఒంగోలు నుంచి నెల్లూరుకొచ్చే బస్సు 5 సెకన్లలో 10 నుంచి 20 మీ/సె కి ఎక్కింది. వేగం మైనస్ 10 నుంచి మైనస్ 20 అయింది, కాబట్టి త్వరణం మైనస్ 2. మైనస్ ఉంది, బస్సు మాత్రం జోరందుకుంటోంది! వేగానికీ త్వరణానికీ ఒకే గుర్తు ఉంటే వడి పెరుగుతుంది, వేరు గుర్తులుంటే తగ్గుతుంది. (పుస్తకంలో వడి వేరు, దిక్కుతో కలిసిన వేగం వేరు. మనం మాట్లాడేటప్పుడు రెండిటినీ వేగమే అంటాం, సగం గందరగోళం దానివల్లే.)

ఇప్పుడు బ్రేకు లెక్క, మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడ. ఒంగోలు వైపు గంటకు 72 కిలోమీటర్లతో పోతున్న బస్సు. ముందు 3.6తో భాగించు, 20 మీ/సె. త్వరణం మైనస్ 2 అయితే 10 సెకన్లకి ఆగుతుంది. దూరం 20 × 10 లోంచి సగం × 2 × 100 తీసేస్తే 100 మీటర్లు. ప్రశ్నలో "15 సెకన్లలో ఎంత దూరం పోతుంది" అని మెలిక పెడతారు. కళ్ళు మూసుకుని 15 వేస్తే 300 లోంచి 225 పోయి 75 వస్తుంది. అంటే బస్సు ఆగి, వెనక్కి 25 మీటర్లు వచ్చినట్టు! బ్రేకు ఏ బస్సునీ రివర్సులో నడపదు, జవాబు 100 మీటర్లే. బస్సు ఆగిందన్న సంగతి సూత్రానికి తెలీదు, ఆగే కాలం ముందు మనమే కట్టుకోవాలి. బంతికైతే ఈ బాధ లేదు, పైన ఆగాక కూడా గురుత్వం లాగుతూనే ఉంటుంది.

కావలి కుర్రాడు

బంతిది తెలిసిందన్నా. మరి బండలాగుడు పందెంలో ఎద్దులు అంత బలం పెట్టి లాగుతుంటాయి కదా, అప్పుడు త్వరణం బాగా ఎక్కువుండాలి?

పెన్నా గట్టు

బండ కదిలే ఆ మొదటి క్షణాల్లో ఉంటుంది. తర్వాత ఒకే నడకన సాగుతుంటే త్వరణం దాదాపు సున్నా. ఒంగోలు గిత్తలు పెట్టే బలాన్ని నేల ఘర్షణ సరిగ్గా మింగేస్తుంటుంది. మిగిలిన బలానికే త్వరణం, పెట్టిన బలానికి కాదు.

గ్రాఫు కాగితం

ఫోనుతో చూడాలంటే ఫైఫాక్స్ యాప్ ఉచితం. అందులో గురుత్వం లేకుండా త్వరణం చూపేది తెరిచి, రైల్లో బల్ల మీద ఫోను తల ఇంజను వైపు పెట్టండి. ఒంగోలు స్టేషన్లో బయల్దేరేటప్పుడు గీత ఒక పక్కకు లేస్తుంది, నెల్లూరులో ఆగేటప్పుడు రెండో పక్కకు. మధ్యలో ఒకే స్పీడులో ఎంత జోరుగా పోయినా గీత సున్నా చుట్టూ వణుకుతుంటుందంతే. వంపులో మాత్రం స్పీడు మారకపోయినా అడ్డం అక్షంలో గీత కదులుతుంది. 200 మీటర్ల వ్యాసార్థం ఉన్న రోడ్డు మలుపులో బస్సు 20 మీ/సె తో తిరిగితే 400 బై 200, అంటే 2 మీ/సె². స్పీడోమీటరు ముల్లు కదలదు, త్వరణం మాత్రం ఉంది. మారింది దిక్కు.

రెండు జాగ్రత్తలు. ఆ గీత కింది వైశాల్యంతో వేగం కడదామనుకుంటే కొద్దిసేపటికే కట్టండి. సెన్సరులో 0.05 మీ/సె² తేడా ఉంటే చాలు, నిమిషానికి 3 మీ/సె, అంటే గంటకు 10.8 కిలోమీటర్ల తప్పు పోగవుతుంది.

రెండోది మొదటి ప్రశ్నకే అడ్డొస్తుంది. గురుత్వంతో కలిపి చూపే మోడ్‌లో ఫోను బల్లమీద ఉంటే 9.8 చూపిస్తుంది, పరుపు మీద ఎగరేస్తే గాల్లో ఉన్నంతసేపూ సున్నా దగ్గరకొస్తుంది. అది చూసి బంతికి త్వరణం సున్నా అనుకునేరు. ఆ సెన్సరు కొలిచేది లోపలి చిన్న ముక్కను దాని ఆధారం ఎంత నెడుతోందనేది. గాల్లో ఫోనూ ముక్కా ఒకే తీరున పడుతుంటాయి కాబట్టి ఆ నెట్టుడు ఉండదు. ఎక్కేటప్పుడూ, పైనా, దిగేటప్పుడూ రీడింగు ఒకటే ఉంటుంది, పైన ప్రత్యేకంగా ఏ మార్పూ కనిపించదు.