ఫిలిప్పీన్స్‌లో అందరూ ఒకే మతమా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి

గుంటూరు_నాన్న:
మా అమ్మాయి దవావోలో మెడిసిన్ చదువుతోంది. క్లాసులో ఇద్దరు ఫిలిప్పీన్స్ పిల్లలు బాగా దగ్గరయ్యారు. ఒకమ్మాయి హిజాబ్ కట్టుకుంటుందట. ఇంకో అమ్మాయి క్రైస్తవురాలే కానీ క్రిస్మస్ చేసుకోదట. ఇద్దర్నీ భోజనానికి పిలవాలంటే ఏం చూసుకోవాలి? ఈ తేడాలు ఎలా వచ్చాయి?

దవావో_సీనియర్:
అంకుల్, క్రిస్మస్ చేసుకోని అమ్మాయిది ఇగ్లేసియా ని క్రిస్టో అయ్యుండొచ్చు. 1914లో ఫెలిక్స్ మనాలో అనే ఆయన పెట్టిన చర్చి, అచ్చంగా ఆ దేశంలోనే పుట్టింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వాన్ని ఒప్పుకోరు, రక్తం తినరు. దినుగువాన్ అని పంది మాంసాన్ని రక్తంతో వండే కూర క్యాథలిక్ ఇళ్లలో మామూలే, ఆ అమ్మాయి మాత్రం ముట్టదు. ముస్లిం అమ్మాయి పంది అసలే తినదు. మా ఓనరమ్మ అయితే అందరూ వస్తున్నారంటే హలాల్ షాపులో చికెన్ తెచ్చి అడోబో అనే కూర చేసేది. గిన్నె వేరు, గరిటె కూడా వేరు. అలా చేస్తే చాలు.

2020 జనాభా లెక్కల్లో నూటికి దాదాపు 79 మంది క్యాథలిక్కులు, ఆరుగురు ముస్లింలు. ఆగస్టులో కడయావన్ పండగ చూడమనండి. దవావోలోని ముస్లిం తెగలు, లుమాద్ గిరిజన తెగలు కలిసి చేస్తారు.

పాతచరిత్ర:
స్పెయిన్ రాకముందే అక్కడ ఇస్లాం ఉందండీ. దక్షిణాన తావి-తావి దీవుల్లోని సిమునుల్ మసీదుని 1380లో షేక్ కరీముల్ మఖ్దూం కట్టించాడని చెబుతారు. 1571లో స్పెయిన్ వాళ్లు మనీలా పట్టుకునేనాటికి అక్కడి రాజా సులేమాన్ ముస్లిమే. మిగతా చోట్ల అనితో అనే పూర్వీకుల ఆత్మల్ని కొలిచేవారు. పూజ నడిపేది బబాయ్‌లన్‌లు, ఎక్కువగా ఆడవాళ్లే. 1521లో స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు మెగల్లాన్ సెబూ దీవి రాణికి ఇచ్చిన బాలయేసు బొమ్మకి ఇప్పటికీ జనవరిలో సినులోగ్ పండగ జరుగుతుంది.

క్రైస్తవంలోనూ పోరాటం ఉంది. స్పెయిన్ వాళ్లు స్థానిక పాదిరీలకు చర్చిల్లో సరైన చోటివ్వలేదు. 1872లో గోమెజ్, బుర్గోస్, జమోరా అనే ముగ్గురు పాదిరీల్ని తిరుగుబాటు నేరం మోపి చంపారు. ఆ మంట ఆరలేదు. 1902లో రోమ్‌ని కాదని సొంత చర్చి పుట్టింది, అగ్లిపాయ్ అనే పాదిరీ దానికి మొదటి పెద్ద. నా దృష్టిలో ఆ దేశపు మత చరిత్రలో అన్నిటికంటే ధైర్యమైన ఘట్టం ఇదే.

దుబాయ్_సిస్టర్:
మా వార్డులో సగం మంది ఫిలిప్పీన్స్ నర్సులే. డిసెంబర్ 16 నుంచి 24 దాకా సింబాంగ్ గాబీ, తొమ్మిది రోజుల పూజ. వాళ్ల ఊళ్లో తెల్లవారకముందే చేస్తారు, ఇక్కడ డ్యూటీల వల్ల సాయంత్రం పెట్టుకుంటారు. పూజ అయ్యాక బిబింగ్కా తింటారు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి అరిటాకు మీద పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు. గల్ఫ్‌కొచ్చాక ఇస్లాం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లని బాలిక్ ఇస్లాం అంటారు. మాతో ఉన్న ఒకావిడ రంజాన్‌లో ఉపవాసం ఉంటే, క్యాథలిక్ చెల్లెలు ఆవిడతో షిఫ్ట్ మార్చుకుని ఇఫ్తార్‌కి పంపేది.

గుంటూరు_నాన్న:
చాలా థ్యాంక్స్. మరి దవావో ఉన్న మిండనావో దీవిలో గొడవలంటారు, అదే మాకు టెన్షన్.

పాతచరిత్ర:
దాన్ని ఉత్త మతం గొడవ అనుకోకండి. అందులో భూమి సమస్య ఉంది. 20వ శతాబ్దంలో ప్రభుత్వాలే ఉత్తరాది క్రైస్తవుల్ని తెచ్చి అక్కడ స్థిరపరిచాయి. మోరోలనే అక్కడి ముస్లింలూ లుమాద్‌లూ తమ నేల మీదే తక్కువమందైపోయారు. 1970ల్లో మోరో తిరుగుబాటుదారులకీ ప్రభుత్వానికీ యుద్ధమైంది. 2014లో ఒప్పందం, 2019లో ఓటింగ్ జరిగాక బంగ్సమోరో స్వపరిపాలన ప్రాంతం వచ్చింది. 2017లో అక్కడి మరావీ నగరం మధ్యభాగం పోరులో నేలమట్టమైంది కాబట్టి అంతా సర్దుకుందని అనను.

దవావో_సీనియర్:
దవావో ఆ స్వపరిపాలన ప్రాంతంలోకి రాదు అంకుల్. కాలేజీ వాళ్లూ ఎంబసీ వాళ్లూ ఎప్పటికప్పుడు ఇచ్చే సూచనలు చూసుకుంటే సరిపోతుంది. రంజాన్ పండక్కి 2002 నుంచి దేశమంతా సెలవు. అమ్మాయిని ఆ రోజు స్నేహితురాలి ఇంటికి తప్పకుండా వెళ్లమనండి.