‘దీర్ఘకాలిక పోటీ’లో ‘పోటీ’ సరిపోతుందా?

ప్రశ్న: 2018 నాటి అమెరికా జాతీయ రక్షణ వ్యూహం మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. చైనా, రష్యాలతో ‘దీర్ఘకాలిక వ్యూహాత్మక పోటీ’ తమ మొదటి ప్రాధాన్యమని పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) అందులో చెప్పింది. ఇంగ్లీషు ‘కాంపిటీషన్’కు ‘పోటీ’ అని రాయగానే నాకు సంక్రాంతి ముగ్గులు కళ్లముందు మెదులుతున్నాయి. ‘పోరు’ అంటే కత్తులు దూసినట్టుంది. ఏం రాయను?

— ‘ప్రచ్ఛన్న యుద్ధం’ సిద్ధంగా ఉందిగా!

— అది సోవియట్ కాలానికి స్థిరపడిన మాట. హిందీవాళ్లు ‘శీత యుద్ధ్’ అన్నారు, తమిళులు ‘పనిప్పోర్’ అన్నారు. వాళ్లు ఇంగ్లీషు ‘కోల్డ్ వార్’లోని చలిని ఉంచుకున్నారు, మనం ముసుగు వేశాం. ప్రచ్ఛన్నమంటే కప్పబడినది, ఛత్రంలో ఉన్నదీ ఆ ధాతువే. 1962లో క్యూబాకు గుట్టుగా క్షిపణులు చేరవేసిన ఘట్టానికి ఆ మాట చక్కగా అతుకుతుంది. ఇక్కడ అతకదు. సోవియట్లతో దీర్ఘకాలిక పోటీ గురించి 1972లో రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థకు నివేదిక రాసిన రక్షణ వ్యూహకర్త ఆండ్రూ మార్షల్ ఆలోచన చూడండి: ఎదుటివాడి భయాలు, అలవాట్లు కనిపెట్టి, వాడి డబ్బు మనకు నష్టం లేని చోట వాడి చేతే ఖర్చు పెట్టించాలి. అమెరికా బి-1 బాంబర్‌ను (బాంబులు వేసే విమానాన్ని) సమర్థించినవారు చెప్పిన కారణాల్లో ఇదొకటి. నేలకు దగ్గరగా దూసుకొచ్చే బాంబర్లు ఉన్నాయంటే, అంత పొడవైన సరిహద్దు వెంట సోవియట్లు రాడార్లకూ, వాటిని అడ్డుకునే ఇంటర్‌సెప్టర్ విమానాలకూ డబ్బు పోస్తూనే ఉండాలి. ఆ మేరకు దాడి ఆయుధాలకు మిగలదు. బాంబరు ఎదుటివాడికి కనబడాలి. దాచిపెడితే పని జరగదు.

— మాస్టారూ, ఇది గట్టు తగాదాలో దావా వేసి అవతలివాణ్ణి వాయిదాలకు తిప్పడమే!

— సరిగ్గా అదే. అందుకే నా ఓటు ‘స్పర్ధ’కు. పోటీకి గడువు, బహుమతి ఉంటాయి. స్పర్ధ తరాలు దాటుతుంది.

— కానీ ‘స్పర్ధ’ అనగానే పాఠకుడికి భార్యాభర్తల మనస్పర్ధలు గుర్తొస్తాయి. (‘మనస్పర్థలు’ అని థ వత్తు పెట్టేవారికి నమస్కారం.) బాంబర్లకు మనసు నొచ్చుకోవడం ఏమిటి?

ప్రశ్న అడిగినవారు: పెంటగాన్ మాటను ఉటంకించే చోట ‘పోటీ’ ఉంచి, వివరించే చోట ‘స్పర్ధ’ రాస్తాను. ‘డిటరెన్స్’కు (ఎదురుదెబ్బ భయంతో శత్రువును దాడికి దిగకుండా ఆపడానికి) ‘నిరోధం’ అని రాసి ఇంట్లో చదివి వినిపిస్తే అందరూ నవ్వారు. దానికి రేపు వేరే ప్రశ్న పెడతాను.